హాస్యం వంత కూర్చుంటే బుర్రకథ నిలుస్తుందా? నవమి పందిళ్ళకు బయలుదేరుతున్న మా దళానికి సలహా కావాలి

తంబురా ఇంటి అమ్మాయి | 2025 మార్చి 9

సభ్యులందరికీ నమస్కారం. మాది తెనాలి పక్కన పల్లె. మా నాన్నగారు ముప్పై నాలుగేళ్ళుగా బుర్రకథ చెబుతున్నారు. నడుమ తంబురాతో నాన్నగారు, ఒక పక్కన రాజకీయం చెప్పే బాబాయి, మరో పక్కన హాస్యం చెప్పే మేనమామ. కథకుడి మాట అందుకునే ఆ ఇద్దరూ వంతలు. ఆ ముగ్గురే దళం. ఫోన్లు మాట్లాడటం, బయానా పుచ్చుకోవడం, బస్సు వేళలు చూడటం నాలుగేళ్ళుగా నా పని.

ఈ ఏడు ఉగాది మరునాడు బయలుదేరి నవమి దాటేదాకా తొమ్మిది ఊళ్ళు ఒప్పుకున్నాం. ముందు భట్టిప్రోలు, రేపల్లె చుట్టుపక్కల మూడు. పెనుమూడి వారధి మీదుగా కృష్ణ దాటి అవనిగడ్డ, నాగాయలంక వైపు మూడు. చివరికి బాపట్ల, చీరాల వైపు మూడు. కథలు పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం. నవమి రాత్రికి మాత్రం లవకుశ.

చిక్కు ఏమిటంటే, మామయ్యకు మోకాలు అరిగింది. రెండున్నర గంటలు నిలబడి అడుగు వేయడం కుదరదని వైద్యులు గట్టిగా చెప్పారు. ఈ సంగతి ఒక ఊరి పెద్దలకు చెబితే, "ఇద్దరే రండి, ఆ నవ్వులాటలు తీసేసి గంటలో ముగించండి, కావాలంటే కీబోర్డు మేమే పెట్టిస్తాం" అన్నారు. నాన్నగారు ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సరిగా తినడం లేదు. ఇద్దరితో వెళ్ళాలా? వేరే దళం నుంచి హాస్యం వంతను అడగాలా? మామయ్యను కూర్చోబెట్టాలా? తెలిసినవారు చెప్పండి.

పొన్నెకల్లు బాట | 2025 మార్చి 9

అమ్మాయీ, ఇద్దరితో మాత్రం వెళ్ళవద్దు.

మాది బుర్రకథ చెప్పిన షేక్ నాజర్ గారి ఊరు. ఆయన 1920లో ఇక్కడ పుట్టారు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. నేను ఆయనను పందిట్లో చూసినదానికన్నా విజయవాడ రేడియోలో విన్నదే ఎక్కువ. రేడియోలో తలపాగా కనిపించదు, అంగరఖా కనిపించదు, అడుగు కనిపించదు. అయినా వంత ఒక్క మాట అందుకునేసరికి మా వసారాలో ఉన్న పదిహేను మందీ నవ్వేవారు. ఆ వెంటనే వచ్చే బాలచంద్రుడి ఘట్టానికి మా నాయనమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. నవ్వి వదులైన గుండెకే ఆ దెబ్బ అంత సూటిగా తగిలేది. వంత నిలబడ్డాడా కూర్చున్నాడా అని ఎవరికి తెలుసు? మాట పడవలసిన చోట పడిందా లేదా అన్నదే లెక్క.

కూర్చోబెట్టండి. తీసివేయవద్దు.

పందిరి గుంజ | 2025 మార్చి 10

పొన్నెకల్లు బాట గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. రేడియో వేరు, పందిరి వేరు. పందిట్లో ముగ్గురూ కలిసి ముందుకు రెండడుగులు వేసి, వెనక్కి తగ్గి, "తందానా" అంటూ కథకుడి చుట్టూ తిరుగుతుంటే గజ్జెల మోతే సగం కథ. ఒకరు కూర్చుంటే త్రాసులో ఒక పళ్ళెం నేలకు ఆనినట్టే ఉంటుంది. పెద్దాయనకు ఈ ఏడు విశ్రాంతి ఇచ్చి, వేరే దళం నుంచి మనిషిని తెచ్చుకోండి. డబ్బులు పంచుకుంటే వచ్చేవారు ఉంటారు. కళ మీద ప్రేమతోనే అంటున్నాను, మనిషి మీద కోపంతో కాదు.

గుమ్మెట మోత | 2025 మార్చి 10

కూర్చుంటే వచ్చే అసలు ఇబ్బంది అడుగు కాదు, వంత మెడలో వేసుకుని వాయించే గుమ్మెట.

మట్టి గుమ్మెటకు ఒక మూతికే తోలు. రెండో మూతి తెరిచి ఉంటుంది. కుడి చేతి వేళ్ళు తోలు మీద ఆడుతుంటే ఎడమ అరచేయి ఆ తెరిచిన మూతిని మూస్తూ తీస్తూ ఉండాలి. ఆ మూయడం తీయడంలోనే మాట్లాడుతున్నట్టుండే నాదం పుడుతుంది. మామూలు కుర్చీలో కూర్చుంటే గుమ్మెట తొడ మీదికి జారి, పంచె గుడ్డ ఆ మూతిని కప్పేస్తుంది. మోత చచ్చిపోతుంది. అందుకని చేతులు లేని ఎత్తు పీట చేయించండి, పాదాలు నేలకు ఆనేంత ఎత్తు చాలు. మెడలో వేసుకునే పట్టీని నాలుగు వేళ్ళు పొట్టి చేయండి. గుమ్మెట పొట్ట మీద నిలవాలి, తొడకు తగలకూడదు.

ఇంకొక మాట. నాగాయలంక వైపు సాయంత్రం సముద్రపు గాలి తేమగా ఉంటుంది. మేక తోలు మెత్తబడి అడుగు శ్రుతికి దిగిపోతుంది. కథకు ముందు గుప్పెడు ఎండుగడ్డి వెలిగించి సెగ చూపండి. మంటకు మూరెడు దూరం ఉండాలి. తొందరపడితే తోలు చిట్లుతుంది.

గజ్జెల అత్తయ్య | 2025 మార్చి 11

నేను పన్నెండేళ్ళు ఆడవాళ్ళ దళంలో కథ చెప్పాను. మోటూరు ఉదయం గారు మహిళా దళం కట్టి దారి వేశారు కాబట్టే మా వంటివాళ్ళం తంబురా భుజాన వేసుకోగలిగాం. మేము చెప్పినవి ఎక్కువగా ప్రభుత్వ ప్రచార కథలు, కుటుంబ నియంత్రణ మీద.

ఒక ఏడు మా హాస్యం వంతకు ఎనిమిదో నెల. వద్దన్నా వినలేదు. పీట వేసుకుని కూర్చుంది. ప్రార్థన కాగానే నేను కథలోనే అడిగాను: "అందరం నిలబడి ఉంటే నువ్వు కూర్చున్నావేమమ్మా చెల్లీ?" అది గుమ్మెట మీద ఒక్క దెబ్బ వేసి, "ఈ కథ నాకు కిందటి ఏడే చెప్పి ఉంటే నిలబడేదాన్నే అక్కా!" అంది. ఆడవాళ్ళు నవ్వు ఆపలేక ఒకరి మీద ఒకరు వాలిపోయారు. ఆ ఊళ్ళో మేము చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటతో చెప్పడం అయిపోయింది.

పందిరి గుంజ గారూ, జనం కూర్చున్న వంతను తప్పు పట్టరు. కారణం తెలియకపోతే మాత్రం జాలి పడతారు. జాలి పుట్టిన చోట నవ్వు పుట్టదు. అందుకే ఆ పీట సంగతి మొదటి ఐదు నిమిషాల్లో కథకుడే అడగాలి, వంతే జవాబు చెప్పాలి. ఆ తర్వాత పీటను మరిచిపోతారు.

మల్లన్న గుట్ట | 2025 మార్చి 11

మాది జనగామ వైపు, చుక్క సత్తయ్య గారి ఒగ్గు కథ వింటూ పెరిగినవాణ్ణి. డోలు, తాళం మధ్య కథ ఎంత ఉగ్రంగా నడుస్తున్నా, పక్కవాద్యకాడు నడుమ ఒక చిలిపి ప్రశ్న అడిగి కథకుణ్ణి నేల మీదికి దించుతాడు. శారదకాండ్ర కథల్లోనూ అంతే. ఆ ప్రశ్న అడిగే మనిషి జనం తరఫు మనిషి. ఆయనను తీసివేస్తే రాజు కథ రాజే చెప్పుకున్నట్టు ఉంటుంది. గంటలో ముగించమన్న ఊరికి వెళ్ళకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం.

పొన్నెకల్లు బాట | 2025 మార్చి 11

మల్లన్న గుట్ట గారు సరిగ్గా పట్టుకున్నారు. 1943 నాటి బెంగాల్ కరవు మీద నాజర్ గారు కథ చెప్పిన రోజుల్లో బుర్రకథ అంటే పాలకులకు భయం. అటు మద్రాసు ప్రభుత్వమూ ఇటు నిజాం ప్రభుత్వమూ నిషేధించాయి. జనం నవ్వుతూ నవ్వుతూ ప్రశ్నించడం నేర్చుకుంటారనే ఆ భయం. 1954 నాటి అగ్గిరాముడు సినిమాలో నాజర్ గారి దళం అల్లూరి కథ ఉంది. పిల్లలకు చూపించండి. వంతలిద్దరి ముఖాలే చూడమని చెప్పండి.

చెరువు గట్టు | 2025 మార్చి 12

నేను కళాకారుణ్ణి కాను, వినేవాణ్ణి. అయినా ఒకటి చెప్పాలి.

అమ్మాయి గారి మామయ్యను నేను చూశాను. మా ఊరికి రెండుసార్లు వచ్చారు. మిగిలిన ఇద్దరూ మధ్యాహ్నం బడి వసారాలో పడుకుని ఉంటే, ఆయన ఒక్కరే ఊళ్ళో తిరిగేవారు. టీ కొట్టు, రచ్చబండ, చెరువు గట్టు, చివరికి మంగలి కొట్టు. ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. కూర్చుని వినేవారు. రాత్రి కథలో మా ఊరి సంగతులు ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. "ఈయనకు ఇది ఎలా తెలిసింది?" అని మేము ఆశ్చర్యపోయేవాళ్ళం.

కాబట్టి ఆ మోకాలు వల్ల పోయేది పందిట్లో అడుగు కాదు, మధ్యాహ్నం నడక. పీట చేయిస్తారు సరే. ఊరు ఎవరు తిరుగుతారు?

తంబురా ఇంటి అమ్మాయి | 2025 మార్చి 12

చెరువు గట్టు గారూ, మీ మాట మామయ్యకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇన్నాళ్ళకు ఒకరు కనిపెట్టారు" అన్నారు. నాన్నగారికి కూడా ఆ నడక సంగతి పూర్తిగా తెలియదట. కాళ్ళు సాగదీసుకోవడానికి వెళుతున్నాడని అనుకునేవారట!

నిర్ణయం అయిపోయింది. మామయ్య పీట మీద కూర్చుంటారు. ఊరు నేను తిరుగుతాను. వద్దన్న ఆ ఒక్క ఊరికి బయానా తిరిగి ఇచ్చేశాం. అంటే ఎనిమిది ఊళ్ళు.

పందిరి గుంజ | 2025 మార్చి 13

నా అభిప్రాయం మార్చుకోలేదు. కానీ భట్టిప్రోలు దగ్గరి పందిరికి నేను వస్తాను. చూసి మాట్లాడతాను.

తంబురా ఇంటి అమ్మాయి | 2025 ఏప్రిల్ 1

మొదటి కథ నిన్న రాత్రి అయింది. పల్నాటి యుద్ధం. రెండు గంటల యాభై నిమిషాలు.

తంబురాకు బస్సులో ఎప్పుడూ ఒక సీటు కొంటాం. బుర్రకు దెబ్బ తగిలితే మళ్ళీ ఆ నాదం రాదు. ఈసారి పీటకు కూడా చోటు చూసుకోవలసి వచ్చింది. దానిని ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చున్నాను.

గజ్జెల అత్తయ్య గారు చెప్పినట్టే ప్రార్థన కాగానే నాన్నగారు అడిగారు: "యుద్ధానికి అందరూ లేచి నిలబడ్డారు, నువ్వు కూర్చున్నావేమిటి తమ్ముడా?" మామయ్య అన్నారు: "అన్నా, అందరూ లేచి నిలబడటం వల్లనే గదా యుద్ధం వచ్చింది! నాలాగా ఒక్కడు కూర్చుని ఉంటే రాజీ కుదిరేది." ఈ జవాబు మాకు ముందుగా చెప్పలేదు. బాబాయి గుమ్మెట కొట్టడం మరిచిపోయి నవ్వారు.

కోడిపందెం ఘట్టం ఎలా నడిచిందో రాసి పెట్టుకున్నాను:

"నాగమ్మ కోడి గెలిచింది, బ్రహ్మనాయుడి కోడి ఓడింది. మాచెర్ల వారికి ఏడేళ్ళు వనవాసం!"
"వనవాసం కోడికా అన్నా?"
"కోడికి కాదురా, రాజుకు."
"మరి ఓడిన కోడికి?"
"దాని గతి నీకు తెలియదా!"
"తెలుసు తెలుసు. ఓడిన కోడికి పులుసు, గెలిచిన కోడికి ఊరేగింపు, కోడి ముఖం చూడని జనానికి ఏడేళ్ళు అడవి!"

ఆ చివరి మాట దగ్గర నవ్వు సగంలో ఆగిపోయింది. అక్కడి నుంచి బాబాయి రాజకీయం అందుకున్నారు. ఎందుకు ఓడిపోయినవాళ్ళ వెంట ఊళ్ళకు ఊళ్ళే కదలాలి అని. పందిరి అంతా నిశ్శబ్దం.

పందిరి గుంజ | 2025 ఏప్రిల్ 1

నేను వచ్చాను, చివరి వరుసలో కూర్చున్నాను. ఒప్పుకుంటున్నాను. నాన్నగారూ బాబాయి గారూ ఆ పీట చుట్టూ తిరుగుతుంటే త్రాసు ఒరగలేదు. పీట దానికి ముల్లు అయింది. ఒక్క లోపం మాత్రం ఉంది. మామయ్య గారి ముందు వేరే మైకు పెట్టారు, అది అన్ని మాటలనూ ఒకే గట్టిదనంతో వినిపించింది. ఆయన గొణిగే మాటలు గొణుగుడులాగా వినపడాలి.

గుమ్మెట మోత | 2025 ఏప్రిల్ 1

నిజం. బుర్రకథకు నడుమ వేలాడే ఒక్క మైకు చాలు. ముందుకు వచ్చినవాడి గొంతు పెద్దది, వెనక్కి తగ్గినవాడిది చిన్నది. అడుగు వేయడంలోనే ఆ సర్దుబాటు ఉంది. తలా ఒక మైకు ఇస్తే తంబురా శ్రుతి మునిగిపోతుంది, అందెల గలగల చెవులు కోస్తుంది. పీటను మైకు నుంచి రెండడుగుల దూరంలో, కొంచెం పక్కగా వేయండి. మాట వేయాలనుకున్నప్పుడు ఆయన ముందుకు వంగితే సరిపోతుంది.

తంబురా ఇంటి అమ్మాయి | 2025 ఏప్రిల్ 5

కృష్ణ దాటాం. ఒక్క మైకు, పీట పక్కగా. ఎంతో తేడా ఉంది. మామయ్య ముందుకు వంగడం చూడగానే పిల్లలు ముందే నవ్వడం మొదలుపెడుతున్నారు.

నా నడక గురించి రాయాలి. మొదటి రెండు ఊళ్ళలో నేను తెచ్చిన సంగతులు దేనికీ పనికి రాలేదు. "ఎవరి పేరు ఏమిటి, ఎవరికి ఎన్ని ఎకరాలు అని తెచ్చావు. అది కరణం లెక్క. జనం దేని గురించి రోజూ విసుక్కుంటున్నారో అది తీసుకురా" అన్నారు మామయ్య. మూడో ఊళ్ళో బోరింగు దగ్గర గంటసేపు కూర్చున్నాను. అది పాడై రెండు నెలలు. బాగుచేయించే విషయంలో రెండు వీధులవాళ్ళు "మీరు పిలవండి", "మీరే పిలవండి" అనుకుంటూ మిగిలిపోయారు. ఆ రాత్రి బొబ్బిలి యుద్ధం. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోటను చుట్టుముట్టిన ఘట్టం. "శత్రువు నలుదిక్కులా ఆగి ఉన్నాడు తమ్ముడా" అని నాన్నగారు అనగానే మామయ్య, "ఎవరు ముందు కదలాలో తేలక ఆగి ఉంటారు అన్నా. ఈ ఊరి బోరింగు దగ్గర రెండు నెలల నుంచి అదే యుద్ధం!" అన్నారు. రెండు వీధులవాళ్ళూ కలిసి నవ్వారు. పొద్దున మేము బస్సు కోసం నిలబడి ఉండగా నలుగురు మనుషులు ఆ బోరింగు గొట్టాలు విప్పుతున్నారు.

మరొకటి కూడా చెప్పాలి. అదే ఊళ్ళో ఒక ఇంటి గొడవ విన్నాను, పెళ్ళి చెడిపోయిన సంగతి. నవ్వు వస్తుందనుకుని తెచ్చాను. మామయ్య ముఖం మాడ్చుకున్నారు. "పందిట్లో కూర్చున్నవాడి మీదే మాట వేయాలి, వాడు తిరిగి జవాబు చెప్పగలిగేలా వేయాలి. ఇంట్లో తలుపు వేసుకుని ఏడుస్తున్నవాళ్ళ మీద వేసేది హాస్యం కాదు" అన్నారు. నాకు సిగ్గు వేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గజ్జెల అత్తయ్య | 2025 ఏప్రిల్ 5

సిగ్గు పడవద్దమ్మా. మాలో ప్రతి ఒక్కరం ఒకసారి ఆ తప్పు చేసినవాళ్ళమే. నువ్వు చేయకముందే ఆపే మనిషి నీ పక్కన ఉన్నారు.

డాలస్ గోదావరి | 2025 ఏప్రిల్ 6

ఇక్కడి నుంచి చదువుతున్నాను. నవమి శుభాకాంక్షలు. మా దగ్గర ఉగాది వేడుకల్లో బుర్రకథకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. పిల్లలు ఎంతో కష్టపడి పాటలు నేర్చుకున్నారు కానీ సమయం చాలదని హాస్యం వంత మాటలన్నీ కోసేశారు. ఈ చర్చ చదివాక ఏమి పోగొట్టుకున్నామో అర్థమైంది. వచ్చే ఏడు పాటలు తగ్గించి మాటలు ఉంచుతాం. మామయ్య గారి కథ ఒక్కటైనా పూర్తిగా రికార్డు చేయగలరా? ఖర్చు నేను పెట్టుకుంటాను.

తంబురా ఇంటి అమ్మాయి | 2025 ఏప్రిల్ 9

డాలస్ గోదావరి గారూ, ధన్యవాదాలు. మామయ్య ఒప్పుకున్నారు. కానీ ఒక షరతు పెట్టారు: గదిలో కాదు, పందిట్లోనే, జనం నవ్వుతో సహా తీయాలి. "నవ్వు వినకుండా తర్వాతి మాట ఎప్పుడు వేయాలో నాకు తెలియదు" అన్నారు.

నవమి రాత్రి లవకుశ బాగా జరిగింది. చదివింపుల పేర్లు చదవడానికి కథ ఆపవలసి వచ్చినప్పుడు ఎప్పుడూ నాన్నగారి ముఖం చిన్నబోతుంది. ఈసారి మామయ్య ఆ పేర్లన్నిటినీ అశ్వమేధ యాగానికి కానుకలు తెచ్చిన రాజుల వరుసలో కలిపి చదివారు. నూట పదహార్లు ఇచ్చిన టైలరు గారు రాజు అయిపోయి, లేచి నిలబడి దండం పెట్టారు. కథ ఆగినట్టు ఎవరికీ తెలియలేదు.

తంబురా ఇంటి అమ్మాయి | 2025 ఏప్రిల్ 13

ఇంటికి వచ్చాం. ఎనిమిది కథలూ పూర్తి. చీరాల వైపు చివరి ఊరికి వెళుతుంటే బస్సు గతుకులో ఎగిరి, మామయ్య గుమ్మెట సీటు కింద పడి అంచు పగిలింది. ఆ రాత్రి అరువు తెచ్చిన ఇత్తడి గుమ్మెటతో నడిపించారు. మోత గట్టిగానే ఉంది కానీ మూతి మూసి తీసినప్పుడు ఆ మట్టి గొంతు రాలేదు. కథ అయ్యాక మామయ్య పగిలిన ముక్కలను తువ్వాలులో కట్టి తెచ్చుకున్నారు. పారేయమంటే వినడం లేదు.

వైశాఖంలో మరో రెండు ఊళ్ళు అడిగారు. గంటలో ముగించమన్న ఊరివాళ్ళు కూడా మళ్ళీ ఫోను చేశారు. నాన్నగారు ఇంకా జవాబు చెప్పలేదు. మట్టి గుమ్మెట చేసే కుమ్మరి ఎవరైనా తెలిస్తే చెప్పండి.

గుమ్మెట మోత | 2025 ఏప్రిల్ 13

బుధవారం నేనే తెస్తాను. రెండు తెస్తాను, వేర్వేరు మందంతో. తోలు మాత్రం ముందే బిగించి తీసుకురాను. మామయ్య గారు వింటూ ఉండగా అక్కడే బిగిద్దాం. ఆ పగిలిన ముక్కలు దాచి ఉంచమనండి, అంచు మందం కొలుచుకోవాలి.